వెనక్కి తెచ్చే గుడ్డ

పొద్దున్న ఆరున్నర. మంచు. గాలి లేదు.

రేవులో నిలబడ్డాను. నా కాళ్ళు నాకు కనపడుతున్నాయి గానీ నీళ్ళు కనపడటం లేదు. కెరటం పాదానికి తగిలాకే సముద్రం అక్కడ ఉందని తెలుస్తోంది.

మా పడవ ఇంకా రాలేదు. నిన్న మధ్యాహ్నం వేటకి వెళ్ళింది. అందులో మా ఆయన, మా చిన్నోడు నూకరాజు, నా తమ్ముడు పోతురాజు, వలలు చూసే ముసలాయన గవరయ్య. తెల్లారకముందే వచ్చెయ్యాలి. మిగతా పడవలన్నీ మంచు దిగకముందే వచ్చేశాయి.

మా ఊరు ఏటి మొగలో ఉంటుంది. ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుక మేట వేసింది. మేట పక్కనుంచి సన్నటి దారి. ఆ దారిన వస్తే ఇల్లు. తప్పితే కెరటాలు పడవని ఎత్తి మేటకేసి కొడతాయి. మంచులో ఆ దారి కనపడదు. అందుకని రేవులో దిమ్మ కట్టి, దానిమీద రెండు మైకు పెట్టెలు పెట్టారు. మంచు పడితే ఒడ్డునుంచి పిలుస్తాం. పిలుపు ఎటునుంచి వస్తే అటు పడవ తిప్పుకుంటూ వస్తారు.

ఆ పెట్టెలు చూసేది మా పెద్దోడు ధనరాజు.

"ఇంకా గట్టిగా రావాలమ్మా. ఇంకా గట్టిగా రావాలి," అంటూ మోత పెంచే మిషను మీద ఉన్న మీటలన్నీ చివరికంటా తిప్పుతున్నాడు.

వాడి బాధ మొదట్నుంచీ అదొక్కటే.

*

ధనరాజు పని నేర్చుకున్నది దస్తగిరి మేస్త్రి దగ్గర. మేస్త్రి కొట్టు మా ఊళ్ళోకి వచ్చే రోడ్డు మొదట్లో ఉంటుంది. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి పరుపులకి దూది ఏకేవాడు. దూది ఏకే ఆ విల్లు ఇప్పటికీ కొట్టు గోడకి వేలాడుతూ ఉంటుంది. మేస్త్రి మాత్రం స్పీకర్లు బాగుచేస్తాడు. మోగేటప్పుడు లోపల ఊగే కాగితం గరాటుని కోను అంటారు, చిరిగిన కోను పీకి కొత్త కోను అంటిస్తాడు. గుడికైనా, మసీదుకైనా, చర్చికైనా మా వైపు మైకు ఆయనదే.

ఏళ్ళతరబడి పెట్టెల పక్కన కూర్చుని ఆయన చెవులు పోయాయి. దగ్గరికొచ్చి అరిస్తే గానీ వినపడదు. కానీ స్పీకరు ముందు అరచెయ్యి పెట్టాడంటే అది ఎంత గట్టిగా మోగుతోందో, లోపల ఎక్కడ గీసుకుంటోందో చెప్పేస్తాడు.

నేను ఆయన్ని బాబాయ్ అంటాను. ఆయన నన్ను పేరు పెట్టి సూరమ్మా అంటాడు.

సంతకి ఎండుచేపలు తీసుకెళ్తూ దారిలో ధనరాజుకి అన్నం క్యారేజీ ఇచ్చి వెళ్ళేదాన్ని. అలా కొన్ని సంగతులు నా కళ్ళతో చూశాను.

ఒకరోజు నేను వెళ్ళేసరికి వీడు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తున్నాడు.

"మేస్త్రిగారూ, పెట్టె ఇంకా గట్టిగా మోగాలంటే ఏం చెయ్యాలండీ?"

మేస్త్రి ఒక స్పీకరుని బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టాడు. తాను కూర్చునే పరుపు చిరుగులోంచి చిటికెడు దూది లాగాడు. దాన్ని కోను మధ్యలో పెట్టి, డప్పుల పాట వేశాడు. చిన్నగానే. దూది వణికింది. కొంచెం పెంచాడు. దూది గెంతింది. ఇంకా పెంచాడు. దూది ఎగిరొచ్చి నా చేపల బుట్టలో పడింది.

"చూశావా?" అన్నాడు.

"చూశానండీ! కోను ఎంత దూరం ఊగితే అంత మోత."

"ఊఁ," అన్నాడు మేస్త్రి.

బుట్టలోంచి దూది తీసి మళ్ళీ కోనులో పెట్టాడు. ఈసారి పిల్లనగ్రోవి పాట వేశాడు. దూది కదల్లేదు. పెంచాడు. దూది కదల్లేదు. ఇంకా పెంచాడు. చెవుల్లో సూదులు దిగుతున్నట్టుంది. ఎదురుగా టీ కొట్టు సత్యం బయటికొచ్చి చేతులు ఊపాడు.

"మేస్త్రీ! నీకెలాగూ వినపడదు, మా సంగతైనా చూడవయ్యా!"

దూది మాత్రం పడుకున్న పిల్లిలా అక్కడే ఉంది.

"ఇప్పుడో?" అన్నాడు మేస్త్రి.

ధనరాజు దూదిని తీసి వేళ్ళతో నలిపి చూశాడు. వాసన చూశాడు.

"అమ్మ బుట్టలో పడింది కదండీ. చేపల జిడ్డు అంటుకుని బరువెక్కింది."

మేస్త్రి నా వైపు చూశాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తోంది.

"అన్నం తిను," అన్నాడు వాడితో.

*

ఇంకోరోజు కోను మారుస్తున్నారు. కోను వెనకాల పసుపుపచ్చ గుడ్డ ఒకటుంటుంది. గుండ్రంగా, ముడతలు ముడతలుగా. కోను ముందుకు ఉరికినప్పుడల్లా దాన్ని పట్టి వెనక్కి తెస్తుంది. వెనక్కి పోయినప్పుడు మళ్ళీ ముందుకు తెస్తుంది. ఎటు పోయినా మధ్యకి తెచ్చి పెట్టడమే దాని పని. ఆ గుడ్డని జిగురుతో అంటించడానికి మేస్త్రి ఒక పూటంతా తీసుకుంటాడు. అప్పుడు ఈగ వాలినా ఊరుకోడు.

ధనరాజు ఆ గుడ్డని వేలితో నొక్కి చూసి, ఆయన చెవిలో అరిచాడు.

"ఇది లేకపోతే కోను ఇంకా ముందుకెళ్తుంది కదండీ. మోత పెరుగుద్ది కదా. మరి ఎందుకండీ ఈ అడ్డం?"

మేస్త్రి చేతులు తుడుచుకుని లేచాడు.

"ఇలా రా."

కొట్టు ముందు మెట్లు. మెట్ల కింద మురిక్కాలవ. వాణ్ణి మెట్టు అంచున నిలబెట్టాడు. వెనకనుంచి చొక్కా గుప్పిట్లో పట్టుకున్నాడు.

"ముందుకి వంగు."

వంగాడు.

"ఇంకా."

"పడిపోతానండీ."

"వంగరా."

ధనరాజు రెండు చేతులూ చాపి, మొహం కాలవ మీదకి వచ్చేదాకా వంగాడు. ఎగరబోయే కొంగలా ఉన్నాడు. టీ కొట్టు సత్యం, అక్కడ టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు.

"ఏంటి మేస్త్రీ, కుర్రాణ్ణి ఆరేస్తున్నావా?" అన్నాడు సత్యం.

మేస్త్రికి అది వినపడలేదు.

"ఇంత దూరం ఎలా వంగావురా?" అనడిగాడు ధనరాజుని.

"మీరు పట్టుకున్నారు కాబట్టండీ!" అని అరిచాడు వాడు.

"వదిలెయ్యనా?"

"వద్దు వద్దు వద్దండీ!"

లాగి నిలబెట్టాడు. చొక్కా ముడతలు సవరించాడు. లోపలికి వెళ్ళి మళ్ళీ జిగురు గిన్నె ముందు కూర్చున్నాడు.

ధనరాజు క్యారేజీ అందుకుంటూ నాతో మెల్లగా అన్నాడు. "చెవులు పోయాయనుకున్నాను. బుర్ర కూడా పోతోందమ్మా ఈయనకి."

ఆ చొక్కా వెనక ఆయన గుప్పిటి ముడతలు ఇంకా కనపడుతున్నాయి.

*

తర్వాత ధనరాజు సొంతంగా ఒక పెట్టె చేసుకున్నాడు. ఊళ్ళో గంగమ్మ సంబరానికి. ఆ పెట్టె ముందు నా పక్కన నిలబడ్డవాళ్ళ మాటలు కూడా నాకు వినపడలేదు. గుండెలో ఎవరో పిడికిలితో గుద్దుతున్నట్టుంది. కుర్రాళ్ళందరూ వాణ్ణి ఎత్తుకున్నారు. పెట్టె ముందుండే జల్లెడ రేకు కూడా తీసేశాడు, కోను ఎలా ఎగురుతోందో జనం చూడాలని. వేలెడు ముందుకొస్తోంది, వేలెడు వెనక్కి పోతోంది.

చేసింది ఏమిటంటే, వెనక గుడ్డకి బ్లేడుతో గాట్లు పెట్టాడు. గుడ్డ వదులైంది. కోను ఇష్టమొచ్చినంత ఊగుతోంది.

పెట్టె తోపుడుబండి మీద పెట్టుకుని మేస్త్రికి చూపించడానికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మేస్త్రి కోను ముందు అరచెయ్యి పెట్టాడు. కాసేపు ఉంచాడు. తీసి, తన అరచేతిని తనే చూసుకున్నాడు.

"నీకు నేర్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు," అన్నాడు.

ధనరాజు ఆ మాట ఊరంతా చెప్పుకున్నాడు. మేస్త్రి మెచ్చుకున్నాడని.

నాకు మాత్రం అప్పుడు వాడిపోయిన ఆయన మొహం గుర్తుండిపోయింది. కొట్టుకి వెళ్ళడం వీడు ఆ రోజుతో మానేశాడు.

ఇంట్లో కూడా మాటామాటా వచ్చింది. "ఆ మోత ఏంట్రా, తిన్నది కడుపులో నిలవట్లేదు," అన్నాడు వాళ్ళ నాన్న. "చెవులుంటే గదా తెలిసేది," అన్నాడు వీడు. తండ్రితో అనాల్సిన మాట కాదు. మా ఆయన వలల బుట్ట ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయాడు. ధనరాజు పక్కబట్టలు తీసుకుని రేవులో మైకు మిషను ఉంచే పాకలోకి మకాం మార్చాడు. అన్నం అక్కడికే పంపించేదాన్ని.

దిమ్మ మీదున్న రేవు పెట్టెల్లో కూడా ఒకదానికి అలాగే గాట్లు పెట్టాడని అప్పటికి నాకు తెలియదు. ఎవరికీ తెలియదు.

*

ఇవాళ పొద్దున్న సంగతికి వస్తాను.

ధనరాజు మైకు పట్టుకుని పిలుస్తున్నాడు. "నాన్నా! ఇటు! నాన్నా!" బరువైన మోత పెంచే బేస్ మీట చివరిదాకా తిప్పాడు. ఎకో కూడా పెట్టాడు. వాడు ఒకసారి అంటే పెట్టె పదిసార్లు అంటోంది. ఒక మాట తోక ఇంకో మాట తలకి చుట్టుకుంటోంది. నాన్నా అన్నది నాకే తెలియట్లేదు. ధుమ్ము ధుమ్ము అని మాత్రం వినపడుతోంది. మధ్యమధ్యలో వాడే మైకుని అరచేత్తో కొడుతున్నాడు, ఆ దెబ్బకి ఇసుక అదురుతోంది.

కోను ఎగురుతోంది. సంబరంలో ఎగిరినట్టే.

సముద్రం నుంచి ఏ జవాబూ లేదు.

"ఇంకా పెంచరా," అన్నారు ఒడ్డున ఉన్నవాళ్ళెవరో. పెంచాడు.

టప్ మని ఒక శబ్దం. అంతే. ఆ పెట్టె ఆగిపోయింది.

దగ్గరికెళ్ళి చూశాను. కోను బయటికి ఉబ్బి, అలాగే ఉండిపోయింది. వెనక్కి రాలేదు. మాడు వాసన వస్తోంది.

రేవంతా నిశ్శబ్దం. కెరటం తప్ప ఇంకేమీ లేదు. దిమ్మ పట్టుకుని నిలబడ్డాను.

రెండో పెట్టె ఉంది. దాన్నుంచి మాట చిన్నగా వస్తోంది. ధనరాజు జేబులోంచి బ్లేడు తీశాడు.

"దీన్ని కూడా వదులు చేస్తానమ్మా. ఒక్క నిమిషం. ఇది కూడా ఎగిరిందంటే వినపడుద్ది."

పెట్టె వెనక పలక ఊడదీసి, లోపలికి వంగాడు.

వెనకనుంచి ఎవరో వాడి చొక్కా పట్టుకున్నారు.

మంచులో నేను చూడనే లేదు. దస్తగిరి మేస్త్రి. లుంగీ మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. చెప్పులు కూడా లేవు. వాడి చొక్కా గుప్పిట్లో పట్టుకుని అలా నిలబడ్డాడంతే. లాగలేదు.

ధనరాజు తల తిప్పి చూడలేదు. చూడకుండానే తెలిసిపోయింది వాడికి. కాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత బ్లేడు ఇసుకలో పడేశాడు.

అప్పుడు వదిలాడు మేస్త్రి.

"బాబాయ్," అన్నాను.

"చెవికి వినపడలేదు సూరమ్మా. టీ గ్లాసులో తరగలు లేస్తుంటే చూసి వచ్చాను," అన్నాడు.

ఆగిపోయిన పెట్టె దగ్గరికి వెళ్ళాడు. ఉబ్బిపోయిన కోనుని రెండు అరచేతులతోనూ మెల్లగా లోపలికి నెట్టి, దాని చోట దాన్ని పెట్టాడు. ఇక అది మోగదని ఆయనకి తెలుసు. అయినా పెట్టాడు.

తర్వాత రెండో పెట్టె పలక మూశాడు. మిషను దగ్గర కూర్చున్నాడు. బేస్ మీట మొదటికంటా తిప్పేశాడు. ఎకో ఆపేశాడు. ధనరాజు పక్కన పెట్టిన మైకు తీసుకుని నాకు ఇచ్చాడు.

"నువ్వు పిలువు."

"నేనా?"

"సన్నటి గొంతు కావాలి."

నాకు మైకులో మాట్లాడటం చేతకాదు. మామూలుగా మాట్లాడటమే తక్కువ. ఏమని పిలవను?

మేస్త్రికి అర్థమైనట్టుంది. "మీ ఆయన్ని పిలవమనట్లేదులే. పేరు నోట్లోంచి వచ్చేసరికి పొద్దెక్కుద్ది. పిల్లోణ్ణి పిలువు. అన్నానికి ఎలా పిలుస్తావో అలా."

పిలిచాను.

"నూకరాజో... ఓ..."

చిన్నప్పుడు వాడు రేవులో ఆడుకుంటుంటే గుమ్మంలో నిలబడి అలాగే పిలిచేదాన్ని. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. సన్నగా, తిన్నగా, మంచులోకి దారం వేసినట్టు వెళ్ళింది.

ధనరాజు కోను వంకే చూస్తున్నాడు.

"కదలట్లేదండీ!" అని మేస్త్రి చెవిలో అరిచాడు. "కోను కదలట్లేదు! ఎలా వినపడుద్దండీ?"

మేస్త్రి వాడి చెయ్యి పట్టుకుని ఆ అరచేతిని కోను ముందు పెట్టాడు. నన్ను పిలవమని సైగ చేశాడు.

"నూకరాజో... ఓ..."

ధనరాజు మొహం మారింది. కంటికి కనపడనంత చిన్న ఊపు వాడి అరచేతికి తగిలింది.

"దూది," అన్నాడు. తనలో తనే అనుకున్నాడు.

నేను మళ్ళీ పిలవబోయాను. మేస్త్రి వేలు ఎత్తి ఆపాడు. మిషను మీటే కట్టేశాడు. పెట్టెలోంచి వచ్చే సన్నటి రొద కూడా ఆగిపోయింది.

"ఎందుకండీ ఆపారు?" అన్నాడు ధనరాజు.

"నాకు వినపడదు. నువ్వు విను."

వాడు నీళ్ళలోకి నాలుగడుగులు వేసి నిలబడ్డాడు. తల వంచి, ఊపిరి బిగబట్టి. పెట్టెలతో పని మొదలుపెట్టాక వాడు అలా ఏమీ చెయ్యకుండా నిలబడటం నేను చూళ్ళేదు.

ఏమీ లేదు.

మేస్త్రి మీట వేశాడు. పిలిచాను. ఆపాడు. విన్నాడు. ఏమీ లేదు.

మళ్ళీ పిలిచాను. గొంతు జీరపోతోంది. మళ్ళీ ఆపాడు.

ధనరాజు చెయ్యి పైకెత్తాడు.

"డబ్బా," అన్నాడు.

నాకు వినపడలేదు.

"అమ్మా, డబ్బా కొడుతున్నారు! నీళ్ళు తోడే డబ్బా! కుడిపక్కన... మేట అవతల. పిలువమ్మా!"

పిలిచాను. పిలిచాను. పిలిచి ఆపినప్పుడల్లా ఆ డబ్బా మోత కొంచెం దగ్గరైంది. ముందు నాకు అది నా గుండె చప్పుడేమో అనిపించింది. తర్వాత అందరికీ వినపడింది. తర్వాత ఇంజను. తర్వాత మంచులో ఒక నల్లటి మచ్చ, ఆ మచ్చ మీద నిలబడి డబ్బా కొడుతున్న మా నూకరాజు.

పడవ సన్నటి దారి మధ్యలోంచే వచ్చింది.

నేను ఇసుకలో కూర్చుండిపోయాను. మైకు చేతిలోనే ఉండిపోయింది. దాని సంగతి మర్చిపోయి ఏడ్చాను. ఆ ఏడుపు రేవంతా వినపడింది. మేస్త్రి వచ్చి మైకు తీసుకున్నాడు.

*

ముందు దూకింది పోతురాజు.

"అక్కా, చీకటి ఉండగానే మొగ దగ్గరికొచ్చి మంచు విడుద్దేమోనని ఆగాం. తెల్లారాక ధుమ్ము ధుమ్మని ఒకటే మోత. ఎటునుంచో తెలీదు. అన్నిపక్కలా అదే. అది మేట మీద కెరటాలు విరిగే మోతేనన్నాడు బావ. పడవ తిప్పేసి మళ్ళీ సముద్రంలోకి పోయాం."

"అదే మోత ఇంకాసేపుంటే ఇంకా లోపలికి పోయేవాళ్ళం," అన్నాడు గవరయ్య. "ఇంజనులో నూనె కూడా అడుగంటింది."

"తర్వాత మోత ఆగిపోయింది," అన్నాడు నూకరాజు. "ఆగిన కాసేపటికి అమ్మ గొంతు. చిన్నగానే. కానీ ఒక్కవైపు నుంచే."

నవ్వుతున్నాడు వాడు. పెదాలు నల్లబడి ఉన్నాయి. "అన్నం వండకుండానే పిలిచావు కదే అమ్మా?"

"వండుతాలే," అన్నాను.

మా ఆయన పడవ తాడు పట్టుకుని దిగాడు. దిమ్మ మీద ఉబ్బి ఆగిపోయిన పెట్టెని చూశాడు. ధనరాజుని చూశాడు.

"ఆ మోత ఏంట్రా?"

ధనరాజు తల దించుకున్నాడు. "నేనే నాన్నా. కెరటాలు కాదు. నేనే."

మా ఆయన తడితాడు కొస వాడి చేతిలో పెట్టాడు.

"పట్టు. గుంజకి కట్టు," అన్నాడు.

వాడు కట్టాడు. ఒకసారి కట్టి, లాగి చూసి, విప్పి, మళ్ళీ కట్టాడు.

మంచు పలచబడుతోంది. మేస్త్రి దుప్పటి దులిపి భుజాన వేసుకున్నాడు. వెళ్ళబోతుంటే ధనరాజు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. నేను పక్కనే ఉన్నాను, నాకే వినపడలేదు.

మేస్త్రి అరచెయ్యి తీసి వాడి గుండెల మీద పెట్టాడు. కాసేపు ఉంచాడు.

"వినపడింది," అన్నాడు.

కొట్టువైపు నడిచాడు. కొంచెం దూరం పోయాక వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఆగిపోయిన పెట్టె, నీ సంబరం పెట్టె రెండూ తీసుకురా. కొత్త గుడ్డలు వేద్దాం."

*

ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాను. నాలుగు పుల్లలు గీస్తే గానీ అంటుకోలేదు. గవరయ్యకి ఇంట్లో ఎవరూ లేరు, ఇక్కడే తినమన్నాను. సరే అన్నాడు.

అన్నం వార్చాను. వేడివేడిగా చేపల పులుసు. అందరూ గోడవార వరసగా కూర్చున్నారు. నేను గరిటె పట్టుకుని నిలబడి చూశాను.

మా ఆయన. నూకరాజు. పోతురాజు. గవరయ్య.

తలుపు దగ్గర చప్పుడైంది. ధనరాజు. చంకలో పక్కబట్టల మూట. లోపలికి వచ్చి, మూట దాని పాత చోట పెట్టి, వాళ్ళ నాన్న పక్కన కూర్చున్నాడు. మా ఆయన కొంచెం జరిగాడు.

ఐదుగురు.

మళ్ళీ మొదట్నుంచీ లెక్కపెట్టాను. మా ఆయన. నూకరాజు. పోతురాజు. గవరయ్య. ధనరాజు.

ఐదుగురే. అందరూ వచ్చారు.